నీలి బంకమట్టి వాలు

పచ్చ దుప్పటి వాడు మళ్ళీ కాలు బయటపెట్టాడు, ఇందాకే కదా నా కూతురు కప్పి వెళ్ళింది, రెండు నిమిషాలు కూడా కాలేదు, గుప్పెడంత పాదం, అరికాలికి నక్షత్రం స్టిక్కరొకటి అంటుకుని ఉంది, ఆ పాదం కింద పలచటి పరుపు, పరుపు కింద చాప, చాప కింద జానెడు మందం కాంక్రీటు, కాంక్రీటు కింద కంకర, ఆ కంకర కింద ఏముందో ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు లేరు, లేరనే కదా ఈ స్థలం శుభ్రమన్న కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నారు, పద్దెనిమిది మంది పిల్లలు, ఎన్నిసార్లు లెక్కపెట్టినా పద్దెనిమిది మందే, గోడ గడియారంలో ఒకటీ నలభై, ల్యాబ్ అమ్మాయి నాలుగింటికి ఫోన్ చేస్తానంది, నాలుగంటే నాలుగే మేడమ్, మీ డబ్బాలో గాలి ఇప్పుడే మెషీన్లోకి వెళ్ళింది, తొందరపెడితే అది అబద్ధం చెబుతుంది, మీకు తెలియనిదేముంది అంది, నిజమే, నాకు తెలియనిదేముంది, అదే కదా గుండెల్లో రాయి పడటానికి కారణం, తెలియనివాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు, ఒకడు బొటనవేలు చీకుతూ, ఒకతె నోరు తెరుచుకుని, ఆ తెరిచిన నోటి వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను, ఊపిరి లోపలికి, బయటికి, మళ్ళీ లోపలికి.

నేను కూర్చున్నది స్టోరు గదిలో, పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు, తలుపుకున్న అద్దంలోంచి వాళ్ళ పడకగది మొత్తం కనబడుతుంది, ఈ గది మూల మురుగు గొట్టం నేలలోకి దిగే చోట సిమెంటు బీటవేసింది, చిటికెనవేలు కూడా పట్టదు, సోమవారం దాని పక్కనే స్టీలు డబ్బా పెట్టాను, ఫుట్‌బాల్ అంత ఉంటుంది, మీట తిప్పితే రోజంతా మెల్లగా గాలి పీల్చుకుని దాచుకుంటుంది, ఏంటమ్మా ఇది, బాంబా అంది నా కూతురు, రొటీన్ చెకప్పేలే బుజ్జీ, నేలకి కూడా ఏడాదికోసారి బీపీ చూడాలి అన్నాను, నవ్వింది, అది నమ్మింది, నా మాటంటే దానికి మొదట్నుంచీ అంతే, ఈ క్రెష్ పెట్టడానికి నాలుగు చోట్లు చూసి చివరికి ఇదే ఖాయం చేసుకోవడమూ అందుకే, రోడ్డుకి అవతల పాత డ్రైక్లీనింగ్ లాండ్రీ ఉండేది, బట్టలు శుభ్రం చేసే మందు నేలలోకి దిగిందంటారు, చూసుకోమ్మా అని ఇంటి ఓనరు ముందే చెప్పాడట, పరీక్ష చేసింది మా అమ్మేనండీ, రోడ్డుకి ఇవతల అంతా శుభ్రమని సంతకం పెట్టింది, ఇంకేం కావాలి అని ఆయన నోరే మూయించిందట, పైగా ఆ ముచ్చట నాకు నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వాను, అప్పుడు నవ్వగలిగాను, మొన్న ఆదివారం అదే గొంతుతో ఇంకో మాట చెప్పింది, అమ్మా, మూడో నెల, ఎవరికీ చెప్పకు, నీకే మొదట అని, మొదటి మూడు నెలల్లోనే లోపలున్న గుండె తన గదులు తాను కట్టుకుంటుంది, లాండ్రీ మందు ఆవిరి సరిగ్గా ఆ పనికే అడ్డం పడుతుందంటారు, అది నేను ఎక్కడో చదవలేదు, ఆఫీసు వాళ్ళకి క్లాసులు చెప్పాను, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

పైకే, ఎప్పుడూ పైకే వెళ్తుంది, గుర్తుపెట్టుకో అనేవాడు పెద్దాయన, చమురు బావుల దగ్గర, రిగ్గు మీద, నాకు పని నేర్పినవాడు, గడ్డం నిండా బురద చుక్కలు, జేబులో ఎప్పుడూ ఒక రాయి, చమురుకి పొగరెక్కువమ్మాయ్, నీళ్ళ నెత్తి మీద తప్ప కూర్చోదు, రాతిపొరల్లో ఎత్తెక్కడుంటే అక్కడికి పాకుతుంది, నువ్వు దాని వెనకాల పరిగెత్తకు, ఎత్తు వెతుకు, అది ముందే వచ్చి అక్కడ కాలు మీద కాలేసుకుని ఉంటుంది అనేవాడు, ఇరవై రెండేళ్ళు అదే వెతికాను, ఇసుక దిబ్బల కింద, సముద్రం అడుగున, ఇరవై ఎనిమిది రోజులు రిగ్గు మీద, ఇరవై ఎనిమిది రోజులు ఇంట్లో, మా అమ్మ నెల విడిచి నెల అమ్మ అని బుజ్జి స్కూల్లో చెప్పుకునేదట, బావిలోంచి బురదతోపాటు పైకొచ్చే రాతిపొడిని దోసిట్లో పట్టి వాసన చూసేదాన్ని, మెషీన్ కంటే ముందు చెప్పేదాన్ని, ఇంకో పది మీటర్లలో తగులుతుంది అని, తగిలేది, వంటవాడి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ నేను ముక్కు మేడమ్‌నే, అసలు పేరు సంతకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు, తర్వాత బావులు వట్టిపోయాయి, కంపెనీ మమ్మల్ని వదిలించుకుంది, ఊరి నేల బాగుచేసే ఆఫీసులో చేరాను, లీకయిన పెట్రోలు బంకులు, తుప్పుపట్టిన ట్యాంకులు, మొదటి రోజే నవ్వుకున్నాను, పెట్రోలంటే ఎవరు, చమురు కూతురే కదా, తల్లి బుద్ధే పిల్లకీ, నీళ్ళ మీద తేలుతుంది, నీళ్ళు ఎటు పారితే అటు పోతుంది, నీటిమట్టం దగ్గరికి చిల్లుల గొట్టం దించి తోడెయ్యడమే, పదకొండు బంకులు వరసగా శుభ్రం చేశాను, ఎవరూ వేలెత్తి చూపించలేకపోయారు, పన్నెండోది లాండ్రీ.

లాండ్రీ మందు తేలదు, మునుగుతుంది, నీళ్ళకంటే బరువు, నీళ్ళని చీల్చుకుని దిగి దిగి బంకమట్టి పొర అడ్డం వచ్చేదాకా ఆగదు, ఆగాక ఆ మట్టి ఎటు వాలి ఉంటే అటు జారుతుంది, పైన నీళ్ళు ఎటు పారుతున్నాయో దానికి పట్టదు, ఇది తెలియదా నాకు, తెలుసు, రిపోర్టు మొదటి పేజీలో నా చేత్తోనే రాశాను, మునుగును అని, రాసిన అదే చెయ్యి ఎండలో నిలబడి బోర్ల లోతు గుర్తుపెట్టేటప్పుడు మాత్రం తనకు అలవాటైన చోటే గీత గీసింది, నీటిమట్టం దగ్గర, నీళ్ళు పారే వైపు ఆరు బోర్లు, రోడ్డుకి ఇవతల, ఇటు వైపు మాత్రం, పేరుకి ఒక్కటంటే ఒక్కటి, అదీ నీళ్ళు తగలగానే ఆపించేశాను, తెలియక చేసిన తప్పు కాదు, తెలిసి చేసిందీ కాదు, చెయ్యి చేసిన తప్పు, ఇరవై రెండేళ్ళు ఎత్తులు వెతికిన చెయ్యి పల్లం వైపు చూడలేదు, ఏడాది పాటు సీసాల్లో నీళ్ళు ల్యాబ్‌కి వెళ్ళాయి, ప్రతిసారీ ఒకటే జవాబు, కనబడలేదు, కనబడలేదు, కనబడలేదు, ఆ మాట చదువుతూ చదువుతూ ఒకరోజు లేదు అని రాసి సంతకం పెట్టాను, ఇంకొకటుంది, ఇటు వైపు బోరులోంచి మట్టి తీసి, మాకు బోర్లు వేసే డ్రిల్లరన్న నా ముక్కు దగ్గర పెట్టాడు, ఏమన్నా తగులుతోందా మేడమ్ అన్నాడు, రూలు ప్రకారం వాసన చూడకూడదు, అయినా పాతకాలం వాళ్ళం కదా, కళ్ళు మూసుకుని పీల్చాను, లేదన్నా, ఏమీ లేదు అన్నాను, నిజమే చెప్పాను, కాకపోతే అప్పటికి రెండేళ్ళుగా నాకు దేని వాసనా తగలడం లేదు, జ్వరం వచ్చింది, తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు, ఎవరికీ చెప్పలేదు, బుజ్జికి కూడా, సంగీతం మాస్టారు చెవులు పోయాయని ఊరంతా చాటుకుంటాడా, మల్లెపూలైనా పెట్రోలైనా ఒకటే నాకు, అందరూ ముక్కు మేడమ్ చూసిందిగా అనుకుని పక్కకి తప్పుకున్నారు.

డ్రిల్లరన్న ఇప్పుడు ఈ వీధి చివరే ఉన్నాడు, కిటికీలోంచి అతని మెషీన్ పైకొస చూస్తున్నాను, దానికి కట్టిన ఎర్ర రేకు గాలికి ఊగుతోంది, రిగ్గు మీద నాతో పనిచేసినవాడు, కంపెనీ మూసేశాక ఆయనా ఊళ్ళో చిన్న మెషీన్ కొనుక్కుని నా వెనకే వచ్చాడు, పోయిన గురువారం ఫోన్ చేశాడు, కొత్త వంతెన స్తంభాల కోసం ఇక్కడ మట్టి తీస్తున్నా మేడమ్, మీ నీలి బంకమట్టి ఎవరితోనో లేచిపోయినట్టుంది, లాండ్రీ కింద ఏడు మీటర్లకే తగిలింది కదా, ఇక్కడ పదకొండు దాటినా దర్శనం లేదు అని పగలబడి నవ్వాడు, నాకు నవ్వు రాలేదు, ఆటో ఎక్కి వచ్చేశాను, వచ్చేసరికి పన్నెండు దగ్గర తగిలింది, నీలంగా, సబ్బుముక్కలా, చిటికెడు తీసి పంటి కింద పెట్టాను, ఇసుక పాలు ఉంటే కరకరమంటుంది, అసలైన బంకమట్టి వెన్నలా జారుతుంది, పెద్దాయన నేర్పిన పరీక్ష, ముక్కు పోయినా పళ్ళున్నాయి కదా, వెన్నలా జారింది, అదే మట్టి, అదే పొర, అక్కడ ఏడు, ఇక్కడ పన్నెండు, వాలు ఇటే, రెండింటికీ నడుమ నా కూతురి క్రెష్, ఏంటి మేడమ్, మట్టి రుచిగా లేదా, మొహం అలా పెట్టారు అన్నాడు డ్రిల్లరన్న, తర్వాత నా మొహం సరిగ్గా చూసి నవ్వు ఆపేశాడు, మందు వాలులో జారి జారి ఇక్కడికొచ్చి కూర్చుని ఉంటుంది, మునిగేది మందు, దాని ఆవిరి మాత్రం పైకే, ఎప్పుడూ పైకే, మట్టిలోంచి, కంకరలోంచి, బీటలోంచి, పెద్దాయన మాట ఇక్కడొక్కచోట నిజమయ్యింది.

తలుపు తోసుకుని బుజ్జి వచ్చింది, చేతిలో టీ, అడుగుల చప్పుడు కాకుండా మేజోళ్ళతో నడుస్తుంది ఈ టైములో, కప్పు చేతికిచ్చి నా పెళ్ళికి కూడా ఇంతసేపు ఒకచోట కూర్చోలేదు నువ్వు అంది గుసగుసగా, రిటైరయ్యాక ఇక్కడ ఆయాగా చేరదామని చూస్తున్నావేమో, అనుభవం లేనివాళ్ళని తీసుకోను, నన్ను పెంచింది పక్కింటి పిన్నిగారు, నువ్వు కాదు, అని భుజంతో నా భుజాన్ని పొడిచింది, నేను నవ్వాననుకుంటాను, మొహం పాలిపోయింది దానిది, కళ్ళ కింద నీడలు, తలనొప్పిగా ఉంటోందా అనడిగాను, మూడో నెలమ్మా, తల తిరక్కపోతే ఇంకేం తిరుగుతుంది, ఇంటికెళ్తే తగ్గుతుంది, ఇక్కడికొస్తే మళ్ళీ మొదలు, పిల్లల గోల కదా అంది, ఇంటికెళ్తే తగ్గుతుంది, ఆ మాట చెవిలో మేకులా దిగింది, టీ వేడిగా ఉంది, అంతకు మించి నాకేమీ తెలియడం లేదు, అప్పుడంది, ఏదో గుర్తొచ్చినట్టు, చాలా మామూలుగా, అన్నట్టు ఈ గదిలో మొదట్లో ఒక వాసన వచ్చేదమ్మా, తియ్యగా, లాండ్రీ నుంచి తెచ్చిన కోటు కవరు విప్పగానే వస్తుంది చూడు, అలా, నీకు చెబుదామనుకుని మర్చిపోయా, ఫినాయిలేసి రెండుసార్లు కడిగించా, చలికాలమని కిటికీలు మూశాక కొన్నాళ్ళు ఎక్కువైంది, ఇప్పుడు లేదులే, పూర్తిగా పోయింది, ఉంటే నీ ముక్కుకి ఈపాటికి తగలదూ, అంది, కప్పు తీసుకుంది, పచ్చ దుప్పటి వాడి కాలు కప్పడానికి వెళ్ళింది.

పూర్తిగా పోయింది, పూర్తిగా పోయింది, ఫోన్ వణికింది, మా ఆఫీసు మేనేజరు, నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు, మర్యాదకి లోటు చెయ్యడు, ఏంటండీ, ఫైలు లేకుండా ల్యాబ్‌కి ఏదో పంపారట, ఆ అడ్రసు చూసి నేను కాస్త కంగారుపడ్డాను, మీ వీడ్కోలు మీటింగులో చదవాల్సింది ఇప్పుడే టైపు చేయించా, ముప్ఫై నాలుగేళ్ళ మచ్చలేని సేవ అని రాయించా, బాగుంటుంది కదండీ అన్నాడు, పిల్లలు పడుకున్న గది పక్కనే ఉన్నాను, మట్టి వాలు ఇటు ఉంది, నేను పొరబడ్డాను, అని చెప్పడానికి నోరు తెరిచాను, ఆయనే అందుకున్నాడు, రిటైర్మెంటుకి పదకొండు రోజులే ఉన్నాయండీ మీకు, నంబరు రానివ్వండి, నంబరు వచ్చాక రెండో శాంపిల్ తీద్దాం, తర్వాత కమిటీకి పెడదాం, పద్ధతి ప్రకారం వెళ్దాం, ఈలోగా ఎవరితోనూ నోరు జారకండి, కాగితం కింద ఉన్నది మీ సంతకమే కదా, మీ మంచికే చెబుతున్నా, అన్నాడు, సరేనన్నాను, సరేనంటున్నప్పుడు ఒంట్లోకి చల్లగా ఏదో పాకింది, అదేమిటో నాకు వెంటనే తెలిసింది, ఊరట, నాలుగింటిదాకా నేనేమీ చెయ్యక్కర్లేదన్న ఊరట, నా కూతురు ఇరవై అడుగుల దూరంలో వంగి పిల్లాడికి దుప్పటి కప్పుతోంది, దాని కడుపులో గుండె గోడ కట్టుకుంటోంది, నాకు ఊరట, ఇంతకంటే భయంకరమైనది నా జీవితంలో నేను చూడలేదు, గడియారంలో ఒకటీ యాభై ఎనిమిది, చిన్న ముల్లు రెండు మీదికి వచ్చేసినట్టే ఉంది, నంబరు చిన్నదైతే బాగుండు, ల్యాబ్‌లో కరెంటు పోతే బాగుండు, డబ్బా లీకై ఉంటే బాగుండు, ఛీ.

పూర్తిగా పోయింది, ఎక్కడ విన్నాను ఈ మాట, రిగ్గు మీద, రాళ్ళపొడి జల్లించే జల్లెడ దగ్గర, నా మూడో ఏడు, మధ్యాహ్నం, ఎండ కళ్ళు పొడుస్తోంది, శాంపిల్ తీసే అతను ముక్కు మూసుకుని వచ్చాడు, కుళ్ళిన కోడిగుడ్ల కంపు మేడమ్, వంటవాణ్ణి తిట్టాలి అన్నాడు, మేము నవ్వాం, నాకూ వచ్చింది ఆ కంపు, రెండు నిమిషాలయ్యాక అతనే మళ్ళీ చెయ్యి ఊపి అరిచాడు, పోయింది మేడమ్, పూర్తిగా పోయింది అని, నేను హమ్మయ్య అనుకున్నాను, పక్కనున్న పెద్దాయన హమ్మయ్య అనుకోలేదు, ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది, గ్యాస్ మీటరు ఆ వారం రిపేరుకి వెళ్ళింది, నంబరు లేదు, ఏమీ లేదు, ఆయన పరిగెత్తి ఎర్ర బటన్ మీద అరచెయ్యంతా ఆనించాడు, సైరన్, అందరూ గాలికి ఎదురుగా పరుగు, తెరిపిలోకి, అక్కడ నిలబెట్టి తలలు లెక్కపెట్టాడు, బావిలోంచి లేచే ఆ గ్యాస్ విషం, కొంచెం ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది, కంపు పోయిందంటే పోయినట్టు కాదు, మనం పోయే టైమైనట్టు, తర్వాత కంపెనీ పెద్దమనిషి వచ్చి గట్టిగా అడిగాడు, ఏ నంబరు చూసి బావి ఆపావు అని, నంబరు కోసం ఆగుంటే ఇప్పుడు మా నంబరు రాసుకునేవాళ్ళు సార్, ఎంతమంది అని, అన్నాడు పెద్దాయన, ఆ మాట రిగ్గు రిగ్గంతా చెప్పుకున్నారు, నేనూ ఎన్ని క్లాసుల్లో చెప్పానో, కానీ ఆ సాయంత్రం ఆయన నాకొక్కదానికే చెప్పింది ఇంకొకటుంది, ఎవరికీ చెప్పలేదు, నేనే మర్చిపోయాను, ఇంత భయంలో ఇప్పుడు గుర్తొస్తోంది, మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ అన్నాడు, నాకు ఏ కంపూ రాలేదమ్మాయ్, నా ముక్కు పోయి పదేళ్ళయింది, ఈ బురద తినేసింది, మరెలా కనిపెట్టారు అన్నాను, కనిపెట్టలేదు, భయమేసింది, అంతే, మనకి జీతం ఇచ్చేది ముక్కుకి అనుకుంటున్నావా, అందరికంటే ముందు భయపడటానికి, అన్నాడు, ఏదో పెద్దవాళ్ళ ఛలోక్తి అనుకుని నవ్వేశాను.

రెండు దాటి మూడు నిమిషాలు, ఇది ఆ గ్యాస్ కాదు, వేరు, ముక్కుని చంపదు, అలవాటు చేస్తుంది, అంతే తేడా, వాసన తగిలిందంటేనే ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నట్టు, ఇవన్నీ నాకు గురువారమే తెలుసు, మట్టి పంటి కింద వెన్నలా జారిన క్షణంలోనే తెలుసు, మరి డబ్బా ఎందుకు పెట్టాను, సోమవారం దాకా ఎందుకు ఆగాను, నాలుగింటిదాకా ఈ పిల్లల కుర్చీలో ఎందుకు కూర్చున్నాను, ఎందుకంటే నంబరు వస్తే ఖాళీ చెయ్యమని చెప్పేది నంబరు, నేను కాదు, తప్పు పట్టుకునేది మెషీన్, ఒప్పుకోవాల్సింది నేను కాదు, ఆ నంబరు పిల్లల కోసం తెప్పించుకోలేదు, నా కోసం తెప్పించుకున్నాను, ఐదు రోజులు, పద్దెనిమిది మందీ, ఆయాలూ, నా కూతురూ, దాని లోపలున్నదీ, ఐదు రోజులు పీల్చారు, నా మొహమాటానికి, లేచాను, చిన్న కుర్చీ నాతోపాటే లేచింది, తుంటికి పట్టుకుని, ఇంకోరోజైతే బుజ్జి దొర్లి దొర్లి నవ్వేది, దాన్ని పీకి పక్కన పడేసి తలుపు తెరిచాను, బుజ్జీ, పిల్లల్ని లేపు, అన్నాను, అది వేలు పెదవుల మీద పెట్టుకుంది, లేవడానికి ఇంకా గంటుందమ్మా అంది, ఇప్పుడే లేపు, బూట్లు వద్దు, బ్యాగులు వద్దు, దుప్పట్లతోనే బయటికి, అందర్నీ, అన్నాను, అది నా మొహం చూసింది, ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చిందా, ఎంత వచ్చింది అంది, రాలేదు, మరి, రాకపోయినా లేపు, నేను పొరబడ్డానే, మట్టి ఇటు వాలి ఉంది, అప్పుడు చూడలేదు, నాకు వాసన తెలియదు బుజ్జీ, ఐదేళ్ళయింది, నువ్వు తెచ్చిన టీ వాసన కూడా తెలియలేదు, అన్నాను, అది ఒక్క క్షణం అలాగే నిలబడింది, ఆ ఒక్క క్షణానికి భయపడే నేను ఈ ఐదు రోజులూ చస్తూ ఉన్నాను, దాని కళ్ళలో ఏదో విరిగింది, విరగడం చూశాను, చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది, వెనక్కి తిరిగి పచ్చ దుప్పటి వాణ్ణి చంకనెత్తుకుంది, ఆయాలకి సైగ చేసింది, ముడులున్న తాడు తీసింది, పిల్లలు రోడ్డు మీద నడిచేటప్పుడు తలా ఒక ముడి పట్టుకునే తాడు, నిద్రకళ్ళతో ఒక్కొక్కళ్ళూ ముడి పట్టుకున్నారు, చంకలో ఉన్న నక్షత్రం పాదం వాడు ఏడుపు లంకించుకున్నాడు.

మేం గేటు దాటడం వీధి చివర్నుంచే డ్రిల్లరన్న చూశాడు, మెషీన్ ఆపాడు, హెల్మెట్ చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, మేనేజరైనా నా కూతురైనా మొదట అడిగింది నంబరే, ఆయన అడగలేదు, గాలి ఎటు మేడమ్ అన్నాడు, అంతే అన్నాడు, ఎర్ర రేకు వైపు చూపించాను, అయితే అటు, ఆ గోడ దాటి, అని ముందు నడిచి రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడ్డాడు, స్కూటర్లు ఆగాయి, తాడు దాటింది, దుప్పట్లు రోడ్డు ఊడుస్తూ దాటాయి, ఎండ పడేసరికి పిల్లలు కళ్ళు చిట్లించారు, లాండ్రీ స్థలానికి దూరంగా, అవతల గోడ పక్కన నిలబెట్టి బుజ్జి నా పక్కకొచ్చింది, నా వైపు చూడకుండా అంది, తల్లులకి ఫోన్లు చెయ్యాలి, ఎందుకని అడుగుతారు, నంబరు అడుగుతారు, ఏం చెప్పను, అని, దాని గొంతు అచ్చం నా గొంతులా ఉంది, రిగ్గు మీది గొంతు, నంబరు ఇంకా రాలేదని చెప్పు, పరీక్ష చేసినావిడ పొరబడిందని చెప్పు, పేరు అడిగితే ముక్కు మేడమ్ అనకు, కాగితం మీదున్న పేరు చెప్పు, అన్నాను, తలూపింది, నువ్వు లెక్కపెట్టు అంది, లెక్కపెట్టాను, ఒక్కొక్క తల మీద చెయ్యి ఆనిస్తూ, పెద్దాయన ఆనించినట్టు, పద్దెనిమిది మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు, నా కూతురు, సరిపోయారా మేడమ్ అని రోడ్డు మధ్యలోంచి అరిచాడు డ్రిల్లరన్న, గడియారం చూశాను, రెండూ పదకొండు, నాలుగవడానికి ఇంకా ఎంతో ఉంది, ఆ ఫోన్ వస్తుంది, ఎంతని చెప్పినా చెబుతుంది, భయం నా ఒంట్లోంచి అంగుళం కూడా కదల్లేదు, పోకూడదు కూడా, ఇన్నేళ్ళూ ముక్కు అనుకున్నది ఇదే, ఇది పోయిన రోజు కదా నేను లేదు అని సంతకం పెట్టింది, బుజ్జి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది, నన్ను కలుపుకోకుండా, ఇరవై రెండు, అందరూ ఉన్నారు అన్నాను.